అతుకు కనపడని గోడ

పనివాడికి సిగ్గెప్పుడు వేస్తుంది, చెప్పండి చూద్దాం? పని చెడిపోయినప్పుడా? చక్కగా కుదిరినప్పుడు కూడా వేస్తుందర్రా. ఎలాగో వినండి.

వందల ఏళ్ల కిందట ఇంగ్లండులో ఒక పల్లె, దానికో రాతి చర్చి. అప్పటికే పాతబడింది. దాన్ని బాగుచేయడానికి ఓస్బర్ట్ అనే మేస్త్రీ వచ్చాడు, వెంట శిష్యుడు పియర్స్. దక్షిణపు గోడ పియర్స్‌కి అప్పగించారు. అది గురువుకి నచ్చిందా, ఇక అతనూ మేస్త్రీయే. తన గుర్తు రాతిమీద చెక్కుకోవచ్చు. పియర్స్‌కి నిద్రలో కూడా అదే ధ్యాస.

గోడ నున్నగా తేలింది. ఒక్కచోట మాత్రం పాతవాళ్లు వదిలిన కన్నం ఉంది. జానెడు వెడల్పు, గోడలోంచి ఏటవాలుగా లోపలిదాకా.

"తాగి కట్టినట్టున్నారు," అని నవ్వుకున్నాడు పియర్స్. సరిగ్గా సరిపోయే రాయి చెక్కి అందులో బిగించేశాడు. అతుకు గోటికి కూడా తగలదు.

ఓస్బర్ట్ ఆ చోటు నిమిరి చూశాడు. "పనితనం ఉంది నీలో. రేపు ప్రార్థనకి లోపలికి పోవద్దు. ఇక్కడే నిలబడదాం."

"వానొచ్చేలా ఉంది గురువుగారూ."

"తడుద్దాంలే."

మర్నాడు గంట మోగింది. ఊరంతా లోపలికి వెళ్లాక, జనం తప్పుకోవాలని చెక్క గిలక్కాయ ఆడించుకుంటూ ఒక ముసలావిడ వచ్చింది. కుష్టురోగి. చర్చిలోకి రానివ్వరు. గోడ పట్టుకుని నడిచి, పియర్స్ బిగించిన రాయి దగ్గర ఆగింది. తడిమింది. రెండడుగులు ముందుకెళ్లి తడిమింది. వెనక్కొచ్చి మళ్లీ తడిమింది.

వాళ్లని చూసి, దూరంగా జరిగి అడిగింది. "నాయనా, లోపల ప్రార్థన జరిగే బలిపీఠం కనపడే కన్నం ఇక్కడే కదా? నేనే చోటు మర్చిపోయానా?"

పియర్స్ తల దించుకున్నాడు.

ఓస్బర్ట్ సంచీలోంచి ఉలీ సుత్తీ తీసి శిష్యుడి చేతిలో పెట్టాడు.

"గోడ నాకు నచ్చింది. నీ గుర్తు చెక్కుకో. ఆ రాతిమీదే చెక్కు, ఆవిడకి కనపడేలా."

పియర్స్ తలెత్తలేదు. ఉలిని అతుకులో పెట్టి కొట్టడం మొదలుపెట్టాడు. సున్నం ఇంకా పచ్చిగానే ఉంది. రాయి ఊడి చేతుల్లోకి వచ్చింది. లోపలి పాట ఒక్కసారిగా బయటికి వినపడింది. ఆ రాయిని గుండెకి ఆనించుకుని, పక్కకి జరిగి, వానలో నిలబడ్డాడు.

"మరి గుర్తు చెక్కుకున్నాడా, అమ్మమ్మా?"

ఆ ఊళ్లో పని అయ్యేదాకా అతను అడగలేదు. గురువూ ఆ మాట ఎత్తలేదు.

ఇక లేవనివ్వండి, చిక్కుడుకాయలు సగంలో వదిలేసి వచ్చాను.