ముల్లు నిలబడే ఉంది

నూకరాజు మాస్టారికి ఒక అలవాటు ఉండేది. పాతకాలపు గాలిపంపు ఏదైనా తన షెడ్డులో బాగుపడి బయటికి వెళ్లేముందు, దాని గొట్టాన్ని తలంతా కప్పేసే ఇత్తడి టోపీకి తగిలించి, ఆ టోపీ తానే తలకు బిగించుకుని, ఆ గాలి తానే పీల్చి చూసేవారు. అవి సైకిలు చక్రాలకు గాలి కొట్టే పంపులు కావు మరి. సముద్రంలోకి దిగిన మనిషికి పడవమీదినుంచి ఊపిరి పంపేవి. చెక్కపెట్టెలో రెండు ఇత్తడి సిలిండర్లు, పైన చేత్తో ఊపడానికి పొడుగాటి పిడి. ఈ రోజుల్లో వాటితో ఎవరికీ పని లేదు. ఏ ఉత్సవానికో కావలసివస్తే మాత్రం విశాఖ రేవంతా తిరిగి చివరికి మాస్టారి షెడ్డుకే రావాలి. టోపీ పెట్టుకుని స్టూలు మీద కదలకుండా కూర్చున్న ఆయన్ని చూసి, ఫొటోకి కూర్చున్న పెళ్లికొడుకులా ఉన్నారని చుట్టుపక్కలవాళ్లు నవ్వుకునేవారు. ఆయన పట్టించుకునేవారు కాదు.

ఎల్లాజీకి మాత్రం ఈ అలవాటు కొరుకుడు పడేది కాదు. అతను నడివయసులో సైకిల్ షాపు మూసేసి, ఈ పని నేర్చుకోవడానికి మాస్టారి దగ్గర చేరినవాడు. చురుకుంది, దాంతోపాటు కాస్త పొగరూ ఉంది. ఒక పంపు మొత్తం అతనికి అప్పగించడం అదే మొదలు. రేవు ఉత్సవంలో పాత పద్ధతిలో ఒక మనిషి నీళ్లలోకి దిగి చూపించాలి. ఆ దిగేవాడు ఎల్లాజీ తమ్ముడు మసేను. తమ్ముడి ఊపిరి తన చేతిలో ఉందన్నమాట. ఎల్లాజీ ఆ పంపును అద్దంలా తోమాడు. ఎక్కడా లీకు లేదు. గాలి ఒత్తిడి చూపించే ముల్లు గీత మీదికి వెళ్లి నిలబడింది. టోపీ తలకు సరిపోతుందో లేదో చూసుకుందామని మసేను కూడా వచ్చి, షెడ్డు బయట టీ తాగుతూ కూర్చున్నాడు.

మాస్టారు టోపీ అందుకోబోతుంటే ఎల్లాజీ ఉండబట్టలేక అడిగేశాడు.

"మాస్టారూ, ముల్లు నిలబడింది. గాలి దండిగా వత్తంది. పంపు మంచిదనడానికి ఇంకేటి కావాలండి? నా పనిమీద మీకు నమ్మకం లేదా?"

మాస్టారు టోపీ తలకు పెట్టించుకుని, ముందున్న గాజుకిటికీ మర బిగించమని సైగ చేసి, కుడి అరచెయ్యి పైకెత్తారు. చెయ్యి పైన ఉన్నంతసేపూ లోపల అంతా బాగున్నట్టే. అది ఆ షెడ్డు కట్టుబాటు.

ఎల్లాజీ పిడి ఊపసాగాడు. అతని కళ్లు ముల్లుమీదే ఉన్నాయి. ముల్లు కదిలితే ఒట్టు. లోలోపల మురిసిపోతూ ఇంకాస్త హుషారుగా ఊపాడు. ఇక చాలనిపించాక, మెచ్చుకోలు కోసం తల తిప్పి చూశాడు.

అరచెయ్యి కిందికి దిగిపోయి ఉంది. మాస్టారు గోడకు జారగిలబడి ఉన్నారు. టోపీ బరువుకు తల ఒక పక్కకు వాలిపోయింది. గాజు వెనక కళ్లు మూతలు పడ్డాయి.

ఎల్లాజీ పిడి వదిలేసి ఒక్క దూకు దూకాడు. రోజూ తిప్పే మరే, ఎటు తిప్పాలో తోచలేదు. ఎలాగో కిటికీ ఊడదీశాడు. లోపలినుంచి కిరసనాయిలు వాసన గుప్పున కొట్టింది.

ఆ వాసన ఎక్కడిదో అతనికి తెలుసు. సిలిండర్లలో ఏళ్లతరబడి పేరుకున్న జిడ్డు వదలడానికి కిరసనాయిలు పోసి కడిగింది తనే. తోలు వాషర్లు మెత్తబడాలని వాటినీ అందులోనే నానబెట్టాడు. సైకిల్ షాపులో ఎప్పుడూ చేసే పనే అది. చక్రానికి ముక్కు లేదు, ఏ గాలి పోసినా పీల్చుకుంటుంది. మాస్టారు సబ్బునీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టి, తోలుకు కొబ్బరినూనె తప్ప మరోటి తగలనివ్వకపోవడం తను చూస్తూనే ఉన్నాడు. చూసి, ముసలాయన చాదస్తం అనుకున్నాడు. తన చేతులకున్న కిరసనాయిలు వాసనకు ముక్కు ఎప్పుడో అలవాటు పడిపోయింది.

కాసేపటికి మాస్టారు దగ్గుతూ కళ్లు తెరిచారు. ఎల్లాజీ టోపీ విప్పి, ఆయన కాళ్ల దగ్గర కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. నీళ్ల అడుగున ఈ కిటికీ ఊడదీసేవాడు ఎవడుంటాడు? బయట టీకొట్టువాడితో మసేను ఏదో చెప్పి పకపకా నవ్వుతున్నాడు.

మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"ముల్లు ఏమైనా పడిందేట్రా?"

"లేదండి... నిలబడే ఉందండి."

"మరింకేటి? మీ తమ్ముణ్ణి పిలు. టోపీ పెడదాం."