చిలకమ్మకి వదిలిన చోటు

మీరు ఊఁ కొడితే నేను చెప్తాను. ఊఁ కొట్టకపోతే కథ అక్కడే కూర్చుంటుంది.

అనగా అనగా, సిమెంటు అంటే తెలీని రోజుల్లో, ఏటి పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో చిలకమ్మని ఒకామె. మిద్దెలు వేసే చోట నీళ్ళ కడవ మోసేది. గొంతు బొంగురు. పాడమంటే నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది.

ఊరివాళ్ళు విత్తనాల గదికి సున్నపు మిద్దె వేస్తున్నారు. సున్నం పరిచాక ఆడవాళ్ళు వరసగా కూర్చుని చెక్కలతో కొట్టాలి. పొద్దుగూకేదాకా కొట్టాలి. అందరి దెబ్బా ఒక్కటిగా పడాలి. పడకపోతే మిద్దె పగులుతుంది. అందుకే పాట.

పాట నూకరత్నానిది. గొంతు తేనె. మొదటిసారి, మంచి పాటలన్నీ పొద్దున్నే పాడేసింది. మధ్యాహ్నానికి పాడినవే మళ్ళీ పాడింది. చేతులు సడలాయి. మిద్దె పగిలింది. రెండోసారి అన్నీ హుషారు పాటలే పాడింది. చేతులు పరిగెత్తి పరిగెత్తి అలిసిపోయాయి. మిద్దె పగిలింది.

మూడోసారికి ఏటి అవతల మబ్బు దిగింది. మేస్త్రి సన్నాసి తల పట్టుకున్నాడు.

"ఇదే ఆకరి సున్నం. ఇదీ పోతే ఇత్తనాలు నానిపోతాయి. వచ్చే ఏడు గెంజి కూడా ఉండదు."

చిలకమ్మ కడవ దించింది. ఇన్నాళ్ళూ పాట నడుస్తుంటే ఆమె చూసింది కొట్టేవాళ్ళ చేతుల్ని. వెళ్ళి నూకరత్నం పక్కన కూర్చుంది.

"పిల్లా, ఒక మాట సెప్పనా? నవ్వకు."

"నీళ్ళు మోసీది సాల్లేదా, పాట కూడా మోస్తావేటి పిన్నీ?"

అందరూ నవ్వారు. చిలకమ్మా నవ్వింది. లేవలేదు.

"నీ గొంతుకి వంక లేదమ్మా. పాయసమైనా అదే పనిగా ఎంతసేపు తింటాం? పొద్దున్న మెల్లగా ఎత్తు. ఎండెక్కితే నవ్వించు. ఏరు దాటే పెళ్ళికూతురి పాట ఉంది కదా, అది సగంలో ఆపేయ్."

"ఆపితే నన్ను కొడతారే!"

"మిద్దెని కొడతారులే."

నూకరత్నం అలాగే చేసింది. మెల్లగా ఎత్తింది. మరదళ్ళ పాటతో నవ్వించింది. పెళ్ళికూతురి పడవని ఏటి నడుముకి తెచ్చి ఆపేసింది.

"తరవాతేటయిందే?" అని గోల.

"ఆ మూల కొట్టండి, సెప్తాను."

చిలకమ్మ పెదాల మీద వేలు పెట్టింది. పాట లేదు, మాట లేదు. చెక్కల చప్పుడే. ఎవరి మనసులో వాళ్ళు ఆ పడవని నడుపుకుంటున్నారు. ఒక్క దెబ్బ తప్పలేదు.

పొద్దుగూకే వేళకి నూకరత్నం పాట మళ్ళీ అందుకుంది, పడవ ఒడ్డు చేరింది. మిద్దె గట్టిపడింది. తెల్లారి వాన కురిసింది. విత్తనాల మీద చుక్క పడలేదు.

కొన్నేళ్ళకి చిలకమ్మ పోయింది. ఆ తర్వాత వేసిన మిద్దె మీద నూకరత్నం పడవని ఏటి నడుముకి తెచ్చింది. ఆపింది. పక్కకి చూసింది. అక్కడ కడవ ఉంది, పిన్ని లేదు. అప్పుడూ చెక్కల చప్పుడే మిగిలింది.

ఇప్పుడు సున్నపు మిద్దెలు లేవు. అయినా ఆ వైపు పెళ్ళిలోనైనా, నాట్లలోనైనా పాటల వరస కూర్చుకునేటప్పుడు పెద్దోళ్ళు అడుగుతారు, "చిలకమ్మకి చోటొదిలారా?" అని. వదలకపోతే మళ్ళీ మొదట్నించీ కూర్చుకోవాల్సిందే.

ఆ చోటొచ్చినప్పుడు ఎవరూ పాడరు. పడవ ఏటి నడుమ ఉంటుంది. ఎవరూ లేచి వెళ్ళరు.