చంద్రుణ్ణి గీకిన చెంచమ్మ

అనగనగా అంటే ఎప్పుడని నన్నడక్కండి. మా తాతకి తాత పాలపళ్ళు ఊడగొట్టుకుంటున్న రోజులనుకోండి, చాలు. ఉప్పుటేటి ఒడ్డున ఒక ఊరు. ఊరి చివర ఒక సున్నపు బట్టీ. బట్టీ పక్కన ఒక గుడిసె. గుడిసెలో చెంచమ్మ. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. వాళ్ళమ్మ కట్టిన ఆ బట్టీయే ఆమెకు దిక్కు.

వెన్నెల పెరిగే రోజుల్లో చెంచమ్మ సాయంత్రాలు ఏటి ఒడ్డున నత్తగుల్లలు ఏరేది. చల్లగా ఉంటుంది, వెలుతురూ ఉంటుంది. పున్నమి దాటగానే బట్టీ రాజేసేది. కాలిన గుల్లల మీద నీళ్ళు చల్లితే అవి బుసబుసా పొంగి పిండయ్యేవి. ఆ పిండి తడిపి, ముద్దలు చేసి, బుట్టకెత్తుకుని వీధుల్లో అమ్మేది. గోడలకి అదే సున్నం, తమలపాకులోకి అదే సున్నం. అలాంటి తెలుపు చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ లేదు.

తంటా అక్కడే వచ్చింది. పున్నమి దాటాక చంద్రుడు రోజురోజుకీ చిక్కిపోతాడు కదా. సరిగ్గా అప్పుడే చెంచమ్మ బుట్ట నిండుతుంది.

పడవ నడిపే పోలయ్య ఒకనాడు పొద్దున్నే రేవులో కూర్చుని, పనీపాటా లేక, పైకి చూశాడు. సగం చంద్రుడు కనిపించాడు. కిందికి చూశాడు. నిండు బుట్టతో చెంచమ్మ కనిపించింది. చంద్రుడు చిక్కాడు, చెంచమ్మ బుట్ట నిండింది, అన్నాడు. అంతే, సాయంత్రానికి ఊరంతా అదే మాట. చెంచమ్మ చంద్రుణ్ణి గీకి సున్నం చేస్తోందట!

నవ్వకండి. చంద్రుడెందుకు చిక్కుతాడో మీకు చెప్పడానికి మనుషులున్నారు, వాళ్ళకి లేరు.

ఊరిపెద్ద కామినాయుడు మంచివాడే. కాకపోతే నలుగురూ ఏమంటే అదే అనే మనిషి. రోజుకి పదిసార్లు ఆకూ వక్కా వేసుకోందే ఆయనకి మాట పెగలదు. ఆయన చెంచమ్మని పిలిపించి అడిగాడు. చెంచమ్మ బిత్తరపోయి, నేనే గీకితే మళ్ళీ నింపేదెవరయ్యా అంది. దేవుడు నింపుతున్నాడు, నువ్వు గీకుతున్నావు అన్నాడు పోలయ్య. అందరూ అవునవునన్నారు.

మొదటి నెల, బట్టీ మూయించారు. బుట్ట నిండలేదు, చంద్రుడు మాత్రం చిక్కాడు. పాత గీకుడు ఇంకా పనిచేస్తోంది అన్నాడు పోలయ్య.

రెండో నెల, చెంచమ్మని పొద్దస్తమానం నాయుడింటి అరుగు మీద అందరి కళ్ళెదుటా కూర్చోబెట్టి చింతపండు పిక్క తీయించారు. రాత్రి నాయుడి భార్య పక్కనే పడుకోబెట్టారు. బుట్ట నిండలేదు, చంద్రుడు మాత్రం చిక్కాడు. చేతులిక్కడున్నా మంత్రం అక్కడుంది అన్నాడు పోలయ్య. ఆ నోటికి తాళం వేసేవాడే లేకపోయాడు.

ఈలోగా ఊళ్ళో సున్నం నిండుకుంది. పెళ్ళివారింటి గోడలు మసిబారాయి. తాంబూలాల్లో సున్నం లేక ఎవరి నోరూ పండటం లేదు. కామినాయుడు ఉత్త ఆకూ వక్కా నమిలి నమిలి, గడ్డి మేస్తున్నట్టుందని భార్య మీద చిరాకు పడేవాడు. అయినా చెంచమ్మని వదిలిపెట్టమని ఎవరూ అనలేదు. భయం అలాంటిది.

నిజం చెప్పాలంటే చెంచమ్మకే అనుమానం పట్టుకుంది. ఇంతమంది అంటున్నారు, నా చేతుల్లో నిజంగానే ఏదైనా దోషం ఉందేమో అని అరచేతులు తిప్పి తిప్పి చూసుకునేది. చూసుకుని ఏడ్చేది.

మూడో నెల తీర్పు చెప్పారు. బహుళ అష్టమి పొద్దున చెంచమ్మ ఏరు దాటి వెళ్ళిపోవాలి. మళ్ళీ ఊళ్ళో అడుగు పెట్టకూడదు. ఆమెకి గుల్లలు కాల్చడం తప్ప మరో పని రాదు. బట్టీ లేకపోతే బతుకే లేదు.

ఆ పొద్దున ఊరంతా రేవులో చేరింది. తూర్పున సూర్యుడు లేచాడు. నడినెత్తిన, కాస్త పడమరగా, సగం చంద్రుడు ఇంకా ఉన్నాడు. చెంచమ్మ మూటలో మిగిలిన ఒకే ఒక్క సున్నపు ముద్ద తీసింది.

"పోతానయ్యా. పోయేముందు ఒట్టేసి పోతాను," అంది. ముద్దని చంద్రుడి పక్కకి ఎత్తి పట్టుకుంది. "చంద్రయ్యా, నిన్ను నేను..." అని ఆగిపోయింది.

చెయ్యెత్తింది ఎత్తినట్టే ఉంది. నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. ముద్దకి సూర్యుడి వైపు సగం ధగధగా తెల్లగా ఉంది. అవతలి సగం నీడలో మసగ్గా ఉంది. పక్కన చంద్రుడూ అచ్చం అంతే. అదే సగం, అదే వైపు.

"అయ్యా, ఈ ముద్ద గుండ్రంగానే ఉంది కదా," అంది చెంచమ్మ. "మరి దీన్నెవరు గీకారు?"

కామినాయుడు వచ్చి ముద్ద అందుకున్నాడు. తలకన్నా పైకెత్తి చూశాడు. సగమే. అలాగే పట్టుకుని సూర్యుడికి వీపు పెట్టి తిరిగాడు. ముద్ద నిండు పున్నమి! ఇంకొంచెం తిరిగాడు, మళ్ళీ సగం. సూర్యుడికి ఎదురుగా తిరిగాడు. ముద్ద నిండా నీడ, అమావాస్య. ముద్ద అదే, ఎండ అదే. నాయుడు తిరిగాడు, మళ్ళీ తిరిగాడు, మూడోసారీ తిరిగాడు. తిరిగేకొద్దీ పిల్లాడిలా నవ్వొచ్చింది.

పున్నమినాడు సూర్యుడు అటు దిగుతుంటే చంద్రుడు ఇటు లేవడం లేదూ అన్నాడు. ఈ ముద్ద నా చుట్టూ తిరిగినట్టు అతగాడు మన చుట్టూ తిరుగుతున్నాడు, వెలుగుపడ్డ మేర మనకి కనిపిస్తున్నాడు, చిక్కిందీ లేదు బలిసిందీ లేదు అన్నాడు. అంటూనే కళ్ళు తిరిగి రేవు మెట్ల మీద చతికిలపడ్డాడు.

పోలయ్య కూడా తిరిగి చూశాడు. తిరిగి చూసి, చాలా నెలల తర్వాత మొదటిసారి నోరు మూసుకున్నాడు.

చెంచమ్మ ఏడుస్తూ నవ్వింది. తన చేతులు ఒకసారి చూసుకుంది. ఏ దోషమూ లేదు, సున్నం కాల్చిన మచ్చలు తప్ప.

మెట్ల మీద నాయుడు చేతిలో ముద్దనే చూస్తున్నాడు. మూడు నెలలుగా చప్పబడిన నోరు. మెల్లగా సంచిలోంచి తమలపాకు తీశాడు. గోటితో ముద్దని గీకి ఆకుకి రాశాడు.

"అయ్యా, ఇప్పుడు గీకింది మాత్రం మీరు," అంది చెంచమ్మ.

ఊరు ఊరంతా పగలబడి నవ్వింది. ఆ సాయంత్రమే బట్టీ రాజుకుంది. నిప్పు ఊదింది పోలయ్యే.

చెంచమ్మ నిండుగా బతికి పోయింది. ఆ ఊళ్ళో ఇప్పటికీ బహుళ అష్టమి పొద్దున పిల్లలకి తలా ఒక సున్నపు ముద్ద ఇచ్చి రేవుకి తోలుకెళ్తారు. వాళ్ళు ముద్దలెత్తి గిరగిరా తిరిగి, కళ్ళు తిరిగి కూలబడతారు. పెద్దవాళ్ళు ఆ ముద్దలు గీకి తాంబూలం వేసుకుంటారు. ఎవరి మీదైనా ఊరికే నింద పడితే, ముందు ముద్ద ఎత్తి చూడండర్రా అంటారు. ఇక అక్కడ చంద్రుడు చిక్కాడని ఎవరూ అనరు. తిరిగాడంటారు.

కథ కాలింది, సున్నమైంది. ఆకులో రాసుకోండి, నోరు పండుతుంది.