తిరగని నాబ్

మస్తాన్ మాస్టారు మొదటిసారి తన మీద వదిలేసి వెళ్లిన పనిని కామాక్షి పాడు చేసింది.

నెల్లూరు సంతపేటలో మాస్టారిది పాత రేడియోలు బాగుచేసే కొట్టు. ఇంట్లో ఎవరో ఒకరు వదులుకోలేక దాచుకున్న రేడియోలే అక్కడికి వస్తాయి. కామాక్షి కొన్నేళ్లుగా ఆయన దగ్గర పని నేర్చుకుంటోంది. వైర్లు అతికించడంలో ఆమె చెయ్యి ఇప్పుడు మాస్టారికన్నా వేగం. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

ఆ రోజు బల్ల మీదున్నది చెంచురామయ్య గారి రేడియో. స్టేషన్లు మార్చే నాబ్ బిగుసుకుపోయింది. ఆయన భార్య సుశీలమ్మకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మంచంలో పడుకుని, ఎడమచేత్తో ఆ నాబ్ తిప్పుకుని పాటలు వినడమొక్కటే ఆవిడ ఎవరి సాయమూ లేకుండా చేసుకునే పని.

"నేను తిప్పి పెడతానంటే ఒప్పుకోదమ్మా," అని చెప్పి, సాయంత్రం వస్తానని వెళ్లారాయన.

మాస్టారు మధ్యాహ్నం నమాజుకి బయలుదేరుతూ, "నువ్వు చూడు. తొందరేం లేదు," అన్నారు.

ఆయన తిరిగొచ్చేలోపే ముగించి చూపించాలని కామాక్షి అనుకుంది. నూనె చుక్క వేసింది. కదల్లేదు. గుడ్డ చుట్టి, పట్టకారుతో పట్టుకుని తిప్పింది. ఊహూ. ఇంకాస్త బలం పెట్టింది.

టక్‌మని చప్పుడైంది. నాబ్ రెండు ముక్కలై ఊడొచ్చింది. లోపలి కడ్డీ మాత్రం ఉన్నచోటే ఉంది.

అలాంటి నాబ్ ఇప్పుడు ఏ బజార్లోనూ దొరకదు. ఆమె ముక్కలకి జిగురు పూసి అతికించింది. పగులు మీద నల్ల స్కెచ్ పెన్నుతో గీసింది. దూరం నుంచి చూస్తే తెలియదు. మాస్టారి చెప్పుల చప్పుడు వినగానే దాన్ని తన సంచిలో వేసేసింది.

ఆయన చూపు బల్ల మీది జిగురు ట్యూబు దగ్గర ఆగింది. తర్వాత పట్టకారు మీదికి వెళ్లింది.

"అన్నం తిన్నావా?"

"తినలా మాస్టారూ."

"తినేసి రా, పో."

వెనకగదిలో క్యారేజీ విప్పి, రెండు ముద్దలు తిని మూసేసింది. తిరిగొచ్చేసరికి ఆయన స్టూలు ఆమె కోసం ఖాళీగా ఉంచి, పక్కన నిలబడి ఉన్నారు. వైర్లు అతికించే సోల్డరింగ్ ఐరన్ వేడెక్కుతోంది. నాబ్ ఏదని ఆయన అడగలేదు.

"లోపల పాత గ్రీజు గట్టిపడిపోయింది. నూనె దిగదు. ముందు వెచ్చబెట్టు."

ఆమె వేడి మొనని కడ్డీకి ఆనించింది. కాసేపటికి ఆయన ఆపమన్నారు. చల్లారనిచ్చారు. స్పిరిట్ చుక్క వేయించారు. మళ్లీ వెచ్చబెట్టించారు. అలవాటుగా ఆమె చెయ్యి పట్టకారు మీదికి పోతే, ఆయన దాన్ని తీసి సొరుగులో పడేశారు.

"వేళ్లు చాలు. తిప్పబాక. వస్తావా అని అడుగు, అంతే."

బయట ఎండ వాలింది. ఎప్పటికో కడ్డీ ఆమె వేళ్ల మధ్య వెంట్రుకవాసి కదిలింది. అటు కాస్త, ఇటు కాస్త. డయల్ మీద ఎర్రముల్లు నిద్రలేచినట్టు జరిగింది.

కామాక్షి లేచి, సంచిలోంచి నాబ్ తీసి బల్ల మీద పెట్టింది.

"పగలగొట్టేశాను మాస్టారూ. అతికించి ఇచ్చేద్దామనుకున్నా."

ఆయన దాన్ని తీసుకుని పగులు మీద బొటనవేలితో నిమిరారు. గోరు అక్కడ తట్టుకుంది.

"ఆయమ్మ దీన్ని చూసేది వేళ్లతో కదా," అన్నారు.

తర్వాత అరలోంచి తన రేడియో దించారు. రోజూ పొద్దున కొట్టు తెరవగానే వార్తలు వినేది అందులోనే. దాని నాబ్ వెనక సన్నటి గుడ్డపేలిక తిప్పి, రెండు కొసలూ సమంగా పట్టుకుని నెమ్మదిగా లాగారు. లేత గోధుమరంగు నాబ్ ఊడి అరచేతిలోకి వచ్చింది. దాన్ని ఆమెకిచ్చారు. చెంచురామయ్య రేడియో కడ్డీకి సరిగ్గా కూర్చుంది.

దీపాలు వెలిగించే వేళకి చెంచురామయ్య వచ్చారు. మాస్టారు ఏదో అనబోయేలోపే కామాక్షి ముందుకు వచ్చింది.

"మీ నాబ్ నా చేతిలో పగిలిపోయిందయ్యా. మొరటుగా తిప్పాను. ఇది మాస్టారి రేడియోది."

ఆయన మొహంలో నవ్వు ఆగిపోయింది. కొత్త నాబ్‌ని చాలాసేపు చూశారు. తర్వాత కళ్లు మూసుకుని, ఎడమచెయ్యి చాపి, రెండు వేళ్లతో తిప్పారు. గరగర, ఆ వెనకే ఎవరిదో పాట.

"మెత్తంగా తిరగతా ఉండాది," అన్నారు. "రంగేంది ఇట్టుందని అడగద్ది. ఉన్నమాటే చెప్తాలేమ్మా."

రేడియోని గుండెకి ఆనించుకుని మెట్లు దిగి వెళ్లిపోయారు.

కొట్టు కట్టేసే ముందు మాస్టారు తన రేడియో పెట్టుకున్నారు. నాబ్ లేని ఉత్త కడ్డీ వేళ్లకి సరిగా అందటం లేదు. వార్తల కోసం ఆయన గోళ్లతో పట్టుకుని కొంచెం కొంచెంగా తిప్పుతున్నారు. కామాక్షి చూస్తూ నిలబడింది.

"మాస్టారూ, జిగురు ట్యూబు చూశారు గదా. అప్పుడే ఎందుకు అడగలా?"

ఆయన కడ్డీ మీంచి వేళ్లు తియ్యలేదు.

"అప్పుడు నువ్వు బిగుసుకుపోయి ఉన్నావమ్మా."