పీతగాడి కళ్ళు పుల్లలెక్కిన కథ

ఒకప్పుడు పీతకి కళ్ళు మనకున్నట్టే మొహంలోనే ఉండేవి. ఇప్పట్లా పుల్లల మీద నిలబడేవి కావు. ఇసకలో కన్నం కూడా ఉండేది కాదు. పీతగాడు దర్జాగా బయటే బతికేవాడు.

బయట అంటే ఎక్కడో తెలుసా? అల తాకని చోట. ఒడ్డుకి ఎగువన ఎండు ఇసక దిబ్బ ఒకటి ఉండేది. దాని మీద ఎనిమిది కాళ్ళూ బారజాపుకుని పొద్దున్నే కూర్చునేవాడు. పొద్దుగూకేదాకా లేచేవాడు కాదు. నీళ్ళంటే వాడికి హడలు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఎప్పుడూ నీళ్ళలోకి దిగవేం అని ఎవరైనా అడిగితే, "దిగనక్కర్లేనోణ్ణి" అనేవాడు.

ఇంక వాడి పనల్లా ఒకటే. చేపలు పట్టడానికి ఎవరొచ్చినా సలహా చెప్పడం.

వేట తెలిసినవాళ్ళు వాడి వైపు తల కూడా తిప్పేవాళ్ళు కాదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళే పాపం వాడికి చిక్కేవాళ్ళు. చేతిలో వల వణుకుతున్న మనిషి కనబడితే చాలు, పీతగాడికి పండగే.

"చేపలన్నీ దూరంగా ఉంటాయిరా. పీకలోతుకి పో!" అనేవాడు.

ఆ వెర్రిబాగులవాడు పీకలోతుకి పోయి వల ఎత్తేసరికి అల వచ్చి నెత్తిమీద పడేది. కడుపునిండా ఉప్పునీళ్ళు తాగి, దగ్గుకుంటూ పైకొస్తే, పీతగాడు ముందరి డెక్కలు రెండూ ఆడించేవాడు.

"నేను సరిగ్గానే చెప్పాను. నువ్వే సరిగ్గా వెళ్ళలేదు" అనేవాడు.

విన్నారా మాట! పుట్టి బుద్ధెరిగాక ఒక్క చేప పట్టిన మొహం కాదు. మరి ఏం తినేవాడంటే, జాలర్లు వలలు దులుపుకుని వెళ్ళిపోయాక ఇసకలో మిగిలిన చచ్చు ముక్కలు. అవి తిని, మూతి తుడుచుకుని, "ఇవాళ బాగానే పడ్డాయి" అనుకునేవాడు.

ఆ ఊళ్ళోనే కొర్లమ్మ అని ఒకావిడ ఉండేది. ఆమె పెనిమిటి లచ్చన్న. తెప్ప తిరగబడి లచ్చన్న కాలు విరిగింది. కాలికి వెదురుబద్దలు కట్టించుకుని, జొరంతో మంచాన పడ్డాడు. మిగతా తెప్పలన్నీ దూరం వేటకి పోయి ఇంకా తిరిగి రాలేదు. ఊళ్ళో ఎవరింట్లోనూ చేప ముక్క లేదు. కొర్లమ్మ పొయ్యి వెలిగి రెండు రోజులైంది.

ఆ ఊరి వాడుకేమిటంటే, మగవాళ్ళు వల వేస్తారు, ఆడవాళ్ళు తట్ట నెత్తినపెట్టుకుని అమ్ముకొస్తారు. కొర్లమ్మకి చేప చూస్తే ఎప్పుడు పట్టిందో చెప్పడం వచ్చు. పట్టడం మాత్రం రాదు. ఎవరూ నేర్పలేదు.

అయినా గోడకి వేలాడుతున్న విసురువల దించింది.

"మావా, నానెల్తాను" అంది.

లచ్చన్న కళ్ళు తెరిచాడు. "ఒలే, ఆ వల సిరిగిందంటే మనకింకేటీ మిగల్దే. వానాకాలమంతా కూకుని అల్లినాను. ఉన్నది అదొక్కటే."

"సిరగనివ్వను మావా. ఎలా ఇసరాలో సెప్పు."

"ముందు తాడు మనికట్టుకి కట్టుకోవాల... తరవాత సగం వల బుజం మీద..." అంటూనే లచ్చన్న జొరం మగతలోకి జారిపోయాడు. తరవాతేంటో చెప్పనే లేదు.

కొర్లమ్మకి సిగ్గెక్కువ. ఎవరైనా చూసి నవ్వుతారేమోనని ఊరి ముందర కాకుండా, ఒడ్డు చివర మనుషులు తిరగని చోటికి వెళ్ళింది. మనుషులైతే లేరు. దిబ్బ మీద పీతగాడున్నాడు.

"ఏటమ్మీ, ఆ వలేటి? ఉట్టి కట్టుకుందామనా?" అన్నాడు.

"కాదు పీతన్నా. వేటకొచ్చినాను."

"నువ్వా! వేటకా! ఆ మాటింటే చేపలు నవ్వి నవ్వి చచ్చిపోతాయి. మంచిదే. చచ్చినియ్యి ఏరుకుని పో."

కొర్లమ్మ తలొంచుకుంది. కానీ ఇంటి దగ్గర మంచం గుర్తొచ్చింది. "నాకేటీ తెలీదన్నా. నువ్వు రోజూ సూత్తావు గదా. ఎలా ఎయ్యాలో సెప్పు" అంది.

పీతగాడు ఉబ్బిపోయాడు. "అలాగడుగు! అదిగో, నురగ తెల్లగా పొంగుతున్నాది సూడు. పొయ్యి మీద పాలు పొంగినట్టు. చేపలన్నీ అక్కడే ఉడుకుతుంటాయి. అక్కడెయ్యి."

కొర్లమ్మ తెల్ల నురగలోకి నడిచి వల పారేసింది. లాగితే బరువుగా వచ్చింది. ఆశగా విప్పి చూసింది. ఇసక, ఒక పగిలిన ఆల్చిప్ప. అంతే.

"నీ నీడ పడి పారిపోయాయి. నీడ ఇంటికాడ వదిలీసి రావాల" అన్నాడు పీతగాడు.

"నీడనెలా వదిలేత్తానన్నా?"

"అదీ నేనే చెప్పాలా? సరే, అసలు రహస్యం చెబుతాను. మగోళ్ళు వల అంచు పళ్ళతో కరిచి పడతారు, ఎప్పుడన్నా చూశావా?"

చూసింది కొర్లమ్మ. నిజమే. విసురువల వేసేవాళ్ళు అంచు ఒకచోట పళ్ళతో పడతారు.

"అదే కీలకం. గట్టిగా కరిచి పట్టు. ఏమైనా సరే వదలకు!"

అసలు సంగతి వినండి. విసిరే ఆ క్షణంలో నోరు తెరిచి వదిలెయ్యాలి. లేకపోతే వలతోపాటు మనిషీ పోతాడు. కానీ అంతదూరాన, పొడి ఇసకలో కూర్చుని చూసేవాడికి కరవడం కనబడింది గానీ వదలడం కనబడలేదు. కనబడినంతే విద్య అనుకున్నాడు.

కొర్లమ్మ గట్టిగా కరిచింది. బలంకొద్దీ విసిరింది. వదల్లేదు.

వల వెళ్ళింది. వల వెనకాలే కొర్లమ్మ వెళ్ళింది. బోర్లాపడింది. అంచున ఉన్న సీసం గుళ్ళు మూతికి తగిలి పై పెదవి చిట్లింది. ఈలోగా అల వలని ఈడ్చుకెళ్ళి రాతికేసి రాసింది. పైకి లాగి చూసుకుంటే జానెడు మేర చిరిగింది.

పీతగాడు దిబ్బ మీద పడి దొర్లాడు. "నీ పళ్ళు గట్టివి కావమ్మీ! నా సలహాకి తగ్గ పళ్ళు కావాలి!"

కొర్లమ్మ వల ఒళ్ళోకి లాక్కుంది. తడి ఇసకలో కూలబడి, చీర అంచులోంచి దారం లాగి, చిరుగు ముడెయ్యడం మొదలెట్టింది. కన్నీళ్ళు, ఉప్పునీళ్ళు, పెదవి మీది రక్తం అన్నీ కలిసి కారుతున్నాయి.

కాస్త దూరంలో తెల్లకొంగ ఒకటి మోకాలి లోతులో నిలబడి ఉంది. ముక్కుతో టక్కున పొడిచింది. చేప మింగింది. మళ్ళీ నిలబడింది. మళ్ళీ టక్కున పొడిచింది.

"కొంగమ్మా, నాకూ కాస్త సెప్పవా" అంది కొర్లమ్మ.

కొంగ తల తిప్పలేదు. "నన్నడుగుతావేం? మేష్టారున్నారుగా దిబ్బ మీద."

"ఆయన సెప్పినట్టే సేసినాను. వల సిరిగిపోయింది."

"వాడి కాళ్ళు చూడు" అంది కొంగ. "ఎనిమిదీ చూడు. తడి ఇసక ఒక్క రేణువన్నా అంటిందా?"

కొర్లమ్మ చూసింది. ఎనిమిది కాళ్ళూ ఎండుపుల్లల్లా ఉన్నాయి.

"ఇప్పుడు నా కాళ్ళు చూడు. ఇంక నాతో మాట్లాడకు. చేపలు బెదిరిపోతాయి."

కొర్లమ్మ కొంగ కాళ్ళు చూసింది. అవి నురగలో లేవు. ఒడ్డు దగ్గర ఒక తెల్ల చార, దూరంగా ఇంకో తెల్ల చార. మధ్యలో నీళ్ళు నల్లగా, చప్పుడు లేకుండా ఉన్నాయి. అక్కడుంది కొంగ.

అప్పుడు కొర్లమ్మకి తట్టింది. అల విరిగి నురగ కక్కుతోందంటే అడుగున ఇసక మెట్టగా ఉందన్నమాట. నల్లగా ఉన్నచోట గుంట ఉందన్నమాట. చేపలు ఆ గుంట వెంబడే మన కాళ్ళదాకా మేతకొస్తాయి. పీకలోతుకి పోయేవాడు వాటిని దాటుకుని పోతాడు!

ఇంకోటీ చూసింది. కొంగ ఎండకి ఎదురుగా నిలబడింది. దాని నీడ వెనక్కి పడుతోంది. నీడని ఇంటిదగ్గర వదిలి రానక్కర్లేదు, వీపు వెనక ఉంచుకుంటే చాలు.

వల బాగయ్యాక కొర్లమ్మ మెల్లగా దిగింది. ఎండకి మొహం పెట్టి నిలబడింది. మొదటిసారి వల తడిచీరలా ముద్దగా పడింది. రెండోసారి సగమే విచ్చుకుంది. మూడోసారి అంచు కరిచి, చెయ్యి తిరిగే క్షణంలో "ఆ" అని నోరు తెరిచింది.

వల గుండ్రంగా విచ్చుకుని నీళ్ళమీద పరుచుకుంది. లాగితే లోపల తపతపమని కొట్టుకోవడం చేతికి తెలిసింది. ఏడు బొంతచేపలు! ఒక్కోటి మూరెడు.

అంతే, దిబ్బ మీంచి ఎవరో గబగబా దిగుతున్న చప్పుడు.

"చూశావా! చూశావా! నేను చెప్పినట్టే చేశావు!" పీతగాడు రొప్పుతున్నాడు. తడి ఇసక మొదలయ్యే గీత దగ్గర మాత్రం ఠక్కున ఆగిపోయాడు. "గురువు వాటా ఇటియ్యి. పెద్దది."

కొర్లమ్మకి కాదనడం చేతకాదు. వెలగని పొయ్యి గుర్తొస్తున్నా, పెద్ద చేప తీసి చెయ్యి చాపింది.

"ఆగు బిడ్డా" అంది గంగమ్మ.

గంగమ్మంటే సముద్రమే. ఆవిడ మాట్లాడితే ఒడ్డంతా నిశ్శబ్దమైపోయింది.

"ఏరా పీతా, ఇంత పెద్ద గురువువి. ఒక్కసారి దిగి ఒక్క చేప పట్టి చూపించు. దీనికి మంచిది. ఇంకా బాగా నేర్చుకుంటుంది."

పీతగాడు ఓ అడుగు వెనక్కి వేశాడు. "నేను... నేను పట్టేవాణ్ణి కానమ్మా. చూసి చెప్పేవాణ్ణి. ఇక్కణ్ణుంచే నాకన్నీ కనబడతాయి."

"ఓహో. ఏం కనబడుతోంది?"

"అదిగో, ఆ దూరాన! పెద్ద పండుగప్ప!"

"తల ఎటుంది?"

పీతగాడు కళ్ళు చిట్లించాడు. కనబడలేదు. కళ్ళని ముందుకి పొడిచాడు. "ఇటే ఉంది."

"కన్ను తెరిచుందా, మూసుందా?"

ఇంకా పొడిచాడు. మొహంలోంచి కళ్ళు కొంచెం బయటికొచ్చాయి. "తెరిచే ఉంది!"

"ఒంటి మీద పొలుసులెన్ని?"

అబద్ధం చెప్పడానికైనా చూడాలి కదా! పీతగాడు ఊపిరి బిగబట్టి, ఉన్న బలమంతా కళ్ళలో పెట్టి పొడిచాడు. టక్, టక్. రెండు కళ్ళూ రెండు పుల్లల మీద బయటికొచ్చి నిటారుగా నిలబడ్డాయి.

కొంగ తల తిప్పి చూసింది. "అది పండుగప్ప కాదురా. కొట్టుకొచ్చిన దుంగ" అని కిచకిచా నవ్వింది.

అప్పుడొచ్చింది అల. పెద్దదేం కాదు, కొర్లమ్మ పాదాలు తడిపేంత. పీతగాణ్ణి మాత్రం ఎత్తి, మూడు పల్టీలు కొట్టించి, నోటినిండా ఉప్పునీళ్ళు పోసి పడేసింది. లేచి చూస్తే ఎదురుగా కొంగముక్కు! పీతగాడు అడ్డంగా, అడ్డదిడ్డంగా పరుగెత్తి, కాళ్ళతో డెక్కలతో ఇసక తోడి, కన్నంలోకి దూరిపోయాడు. లోపల కూర్చుని కళ్ళు నొక్కుకున్నాడు. అవి పక్కకి పడుకున్నాయి గానీ మళ్ళీ మొహంలోకి పోలేదు.

కొర్లమ్మ ఏడు చేపలూ ఇంటికి తెచ్చుకుంది. రెండు పులుసు పెట్టింది. మిగిలినవి తట్టలో ఊళ్ళోకి తీసుకెళ్ళి, బియ్యానికి మార్చుకొచ్చింది. పులుసు వాసనకి లచ్చన్న లేచి కూర్చున్నాడు.

"నీకు వల ఎవలు నేర్పినారే?"

"నా మూతి సూడు మావా."

లచ్చన్న చిట్లిన పెదవి చూశాడు. తన పై పెదవి మీద చిన్నప్పటి మచ్చ తడుముకుని, కడుపుబ్బ నవ్వాడు. "నాకూ ఎవడో వదలొద్దనే సెప్పినాడే!" అన్నాడు.

అప్పటినుంచే పీత కళ్ళు పుల్లలెక్కి నిలబడ్డాయి. అప్పటినుంచే అది ఇసకలో కన్నం తవ్వుకుని ఉంటోంది. ఒడ్డున మీ అడుగు చప్పుడైతే చాలు, రివ్వున లోపలికి దూరుతుంది. మీరేదో చేస్తారని కాదు. "ఏదీ, ఒక్క చేప పట్టి చూపించు" అంటారేమోనని భయం.

ఎప్పుడైనా దొరికితే దాని నోరు చూడండి. నురగ బుడగలు బుడబుడా వస్తుంటాయి. అవన్నీ సలహాలే. చెప్పే మొహం లేక ఇప్పటికీ నోట్లోనే నానబెట్టుకుంటోంది.