గరిక అడిగిన గడువు

వాగు మీదికి వంగిన తుమ్మచెట్టుకు తొలకరి పడగానే పెళ్లికళ వచ్చేస్తుంది. నెత్తిన పసుపు పులుముకున్నట్టు మెరిసిపోతూ మగ గిజిగాళ్లు వరి ఆకులు చీల్చి తెచ్చి కొమ్మకొమ్మకూ గూళ్లు మొదలుపెడతారు. సగం అల్లి ఆగుతారు. అప్పటికి గూడు బోర్లించిన బుట్టలా ఉంటుంది. మధ్యలో ఒక అడ్డ పట్టీ, దానికి ఒక పక్క గుడ్లు పెట్టుకునే గిన్నెలాంటి చోటు, రెండో పక్క బోసిగా తెరుచుకున్న ద్వారం. ఆడపిల్ల వచ్చి ఆ పట్టీ మీద కూర్చుని, ఊగి చూసి, లేచిపోకపోతే సంబంధం ఖాయమైనట్టు.

ఆ ద్వారానికి కిందికి వేలాడేలా మూరెడు గొట్టం అల్లితేనే అది ఇల్లు. గొట్టం ఉంటే పరాయి ప్రాణి ఏదీ లోపలికి రాలేదు. కానీ గొట్టం పెళ్లయ్యాకే అల్లడం ఆ చెట్టు ఆచారం. అదీ మగాడికి తీరికుంటే. చాలామందికి ఉండదు. పక్క కొమ్మ మీద రెండో గూడు, అందులోకి రెండో పెళ్లాం, పాపం వాళ్ల పనులు వాళ్లవి.

గరికకు ఆ ఏడు పెళ్లీడు వచ్చింది. తుంగడు అనే కుర్రాడి గూడు చూసింది, ఊగింది, నచ్చింది. పట్టీ మీద కూర్చునే అడిగింది.

"అల్లిక గట్టిగానే ఉంది తుంగా. గొట్టం ఎప్పుడు అల్లుతావు?"

"పెళ్లి కానీ, అల్లనూ?"

"అల్లాకే పెళ్లి చేసుకుందాం."

తుంగడు ముక్కులో ఆకు జారవిడిచాడు. "ఎక్కడైనా విన్నామా ఈ మాట?"

ఎక్కడా వినలేదని చెప్పడానికి పై కొమ్మ నుంచి కాకి కామయ్య దిగనే దిగాడు. ఆ చెట్టు మీద పెళ్లిళ్ల పేరయ్య అతనే. ముహూర్తాలు పెట్టేదీ, పెళ్లయ్యాక కొత్త జంట మేతకెళ్లినా, కునుకు తీసినా ఇంటికి కాపలా ఉండేదీ అతనే. ఊరికే చేస్తాడని మంచి పేరు.

"అమ్మాయ్ గరికా, ఎల్లుండి పొద్దున్న దివ్యమైన ముహూర్తం. అది దాటితే మూఢం. వానలు వెళ్లిపోయేదాకా మరి ముహూర్తాల్లేవు" అన్నాడు.

"నాకు పది రోజులు కావాలి బాబాయ్."

"పది రోజులా! పట్టుచీరలు నేయించాలా, శుభలేఖలు పంచాలా? మీ పిన్ని కొర్రమ్మ పెళ్లి మూడు రోజుల్లో చేశాను. ఏం తక్కువైంది?"

ఆ పక్క కొమ్మ మీదే ఉన్న కొర్రమ్మ తల తిప్పుకుంది. ఏం తక్కువైందో చెట్టంతటికీ తెలుసు. రెండేళ్లు వరుసగా గుడ్లు పెట్టింది, రెండేళ్లూ పోగొట్టుకుంది. నీటిపాము తినేసిందని కామయ్యే చెప్పాడు. "నేను అటు తిరిగేలోగా జరిగిపోయింది. తల్లికి ఒళ్లు తెలియని నిద్రైతే కాపలావాడేం చేస్తాడు?" అనీ చెప్పాడు. అప్పటినుంచి కొర్రమ్మను నిద్రమొహందనే పిలుస్తున్నారు, మొగుడితో సహా.

"పిల్ల బెట్టు చేస్తోంది తుంగా" అని కామయ్య అతనివైపు తిరిగాడు. "అవతల గట్టు పిల్ల రేపే సరేనంటుంది. ఆలోచించుకో."

తుంగడు నిజంగానే అవతల గట్టుకేసి చూశాడు. గరిక ఆ చూపు గమనించింది, పట్టించుకోనట్టే ఉండిపోయింది. ఆమె బుర్రలో వేరే ప్రశ్న తిరుగుతోంది. పెళ్లి తనది, తుంగడిది. తొందర మాత్రం కాకిది. ఎందుకు?

వాగు ఒడ్డున బురదలో పడుకున్న ముసలి గేదె దగ్గరికి ఎగిరి, కొమ్ము మీద వాలింది.

"అవ్వా, నువ్వు పొద్దస్తమానం ఇక్కడే ఉంటావు కదా. ఈ వాగులో నీటిపాము ఉందా?"

గేదె నెమరు ఆపకుండా ఆలోచించింది. "నేను దూడగా ఉన్నప్పుడు ఒకటుండేది. తర్వాత చూళ్లేదు."

"మరి చెట్టు మీదవాళ్లకు ఎందుకు చెప్పలేదు?"

"గేదెను ఎవరడిగారు పిల్లా?"

పాము లేదన్న మాట చాలు గరికకు. గేదె పొర్లిన చోట జిగట రేగడిమట్టి ముక్కుతో తీసింది, తుమ్మబెరడు మీద కారిన జిగురు కలిపింది, రెండు ఉండలు చేసింది. కొంగలు వాలే రాయి మీద తెల్లటి రెట్టకు కరువు లేదు. పైన అది పూసేసరికి అచ్చం గుడ్లే. లోపల ఇంకా తడి, తాకితే వదలని బంక. వాటిని తీసుకెళ్లి తుంగడి గూట్లో గిన్నెలో పెట్టింది.

"ఏంటిది? ఏం చేస్తున్నావు?" అన్నాడు తుంగడు.

"నాతో రా. ఆ గేదె వెనక కూర్చుని నోరు మూసుకుని చూడు. చూశాక కూడా ఎల్లుండే పెళ్లంటే, ఎల్లుండే చేసుకుంటా."

ఆ మాటకు తుంగడు కాదనలేకపోయాడు.

తర్వాత గరిక కామయ్య దగ్గరికెళ్లి రెక్క ముఖానికి అడ్డం పెట్టుకుంది. "బాబాయ్, ఎలా చెప్పను... ముహూర్తం దాకా ఆగలేకపోయాం. రెండు గుడ్లు."

కామయ్య కళ్లు రెండూ ఒక్కసారి మెరిశాయి. "హవ్వ!" అన్నాడు, అనాలి కాబట్టి. "పోనీలే తల్లీ. ఎవరికీ చెప్పను. మీ పరువు నా పరువు కాదూ?"

"వాగు దాటి స్నానం చేసి వస్తాం. కాస్త చూస్తుంటావా?"

"కాస్తేమిటి, కళ్లల్లో పెట్టుకుని చూస్తా!"

ఇద్దరూ వాగు మీదుగా ఎగిరి, చుట్టు తిరిగొచ్చి, గేదె వీపు చాటున నక్కారు. గేదె చెవి కూడా కదపలేదు.

కామయ్య అటు చూశాడు, ఇటు చూశాడు. ఒక్క గెంతులో గూడు అంచు పట్టుకుని, బోసి ద్వారంలోంచి తల లోపలికి పెట్టాడు. అలవాటైన ఇంట్లో ఉప్పుడబ్బా ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేనట్టు, అతనికీ వెతుక్కునే పని పడలేదు. రెండూ ఒక్కసారే నోట్లో వేసుకున్నాడు. కొరికాడు.

ఆ తర్వాత నోరు తెరవలేకపోయాడు.

తల విదిలించాడు. ముక్కును కొమ్మకేసి రుద్దాడు. బెరడు ముక్క కూడా అంటుకుంది. రెక్కలు కొట్టుకుంటూ చెట్టు చుట్టూ తిరిగాడు. ఆ గోలకు గూళ్లల్లోంచి అందరూ బయటికొచ్చారు. ఎప్పుడూ తెరిచే ఉండే కామయ్య నోరు మూసుకుని ఉండడమే వాళ్లకు మొదటి వింత. మూసిన ముక్కు సందుల్లోంచి తెల్ల పూత, నల్ల బంక కారుతుండడం రెండోది.

"ఏమైంది కామయ్యా? ఏదైనా మాట్లాడు!" అన్నారు.

"మాట్లాడలేడు" అంది గరిక, కొమ్మ మీదికొస్తూ. "నేను గుడ్లని చెప్పి మట్టి ఉండలు పెట్టాను. కాపలా కాస్తానని చెప్పి అవి మింగబోయాడు. తుంగడు చూశాడు."

అందరూ తుంగడి వైపు తిరిగారు. తుంగడు గొంతు సవరించుకున్నాడు. "చూశాను. నా గూడే. గొట్టం లేదుగా, తల పెట్టడానికి ఆయన వంగనైనా వంగలేదు."

"నేనూ చూశాను" అంది గేదె కిందనుంచి. "పాముల మాటంటారా, ఈ వాగులో పాముల్లేక చాలా ఏళ్లైంది."

కొర్రమ్మ మెల్లగా అంది, ఎవరితోనూ కాదు:

"అయితే నేను నిద్రపోలేదు."

ఆమె మొగుడు తన రెండో గూటికేసి చూస్తూ, కొమ్మ మీద లేని పురుగును వెతుక్కున్నాడు. కొర్రమ్మ ఈసారి గట్టిగా, మొగుడి ముఖంలోకే చూస్తూ అంది. "రెండేళ్లుగా నన్ను తిట్టావు. నేను నిద్రపోలేదు. నువ్వు గొట్టం అల్లలేదు."

వయసు మళ్లిన గిజిగాడొకడు దగ్గాడు. "అయినా అమ్మాయ్, పెళ్లికి ముందు గొట్టం అల్లడం మన ఇంటా వంటా..."

"లేదు మావయ్యా, అందుకే మన ఇళ్లల్లో గుడ్లు కూడా ఉండడం లేదు" అంది గరిక. "మూఢం వస్తే రానీండి. వాన కారే చోటు చూసుకోవాలి, గాలికి ఎటు ఊగుతుందో చూసుకోవాలి. ఇతను రెండో గూటికి ఆకులు మోస్తాడో, ఈ గూటికి మోస్తాడో అదీ చూసుకోవాలి. ఇవన్నీ ఎల్లుండికి తేలవు."

అందరూ తుంగడేమంటాడా అని చూశారు. అవతల గట్టు అక్కడే ఉంది. తుంగడు అటు చూడలేదు.

"పది రోజులు సరిపోతాయా?" అన్నాడు.

"నువ్వు అల్లేదాన్ని బట్టి ఉంటుంది."

తుంగడు వరిచేను వైపు ఎగిరిపోయాడు.

పది కాదు, పదమూడు రోజులు పట్టింది. నాలుగో రోజు గాలివానకు గొట్టం సగం ఊడింది. గరిక నాలుగు పోగులు లాగి చూపించి, మళ్లీ అల్లించింది. తుంగడు సణిగాడు, అల్లాడు. తొమ్మిదో రోజుకు సణగడం మానేశాడు. పన్నెండో రోజు గొట్టం కింది అంచు పట్టుకుని తలకిందులుగా వేలాడి, "ఇప్పుడు చూడు!" అని తనే పిలిచాడు. గరిక దూరి చూసి, లోపలే ఉండిపోయింది. మర్నాడు మూఢంలోనే పెళ్లయింది. చెట్టంతా వచ్చింది.

గరిక నిజం గుడ్లు పెట్టిన వారానికి, ముక్కు బంక వదిలించుకున్న కామయ్య దొంగచాటుగా వచ్చాడు. గొట్టం పట్టుకుని వేలాడాడు. అది అతని బరువుకు ఊగింది, గుండ్రంగా తిరిగింది, కాలు నిలవనివ్వలేదు. లోపల గరిక గుడ్ల మీద నుంచి లేవను కూడా లేదు. కామయ్య జారి, వాగులో పడి, తడిసిన రెక్కలతో గట్టెక్కి, వేరే చెట్టు వెతుక్కుంటూ పోయాడు. అప్పటికే ఈ చెట్టు మీద ముగ్గురు ఆడపిల్లలు పట్టీల మీద కూర్చుని గొట్టం సంగతి అడుగుతున్నారు. వాళ్లకు అల్లిక చూసిపెడుతున్నది కొర్రమ్మ.

నీతి: పెళ్లికి ఎంత గడువు కావాలో ఆ ఇంట్లో బతకాల్సిన ఆడదే చెప్పాలి, తొందరపెట్టేవాడికి అందులో ఏం లాభమో ముందుగా తెలుసుకోవాలి.