ఓబులేసు కుడిచెయ్యి

సుగుణ మేడమ్‌ను ఎవరే ప్రశ్న అడిగినా ఆవిడ మొదట చెప్పే మాట ఒక్కటే: "చూద్దాం." తప్పించుకోవడానికి అనేవారని కొత్తవాళ్ళు అనుకునేవారు గాని, ఆవిడ నిజంగానే చూసేవారు. ఒక్కోసారి వారం, ఒక్కోసారి సెమిస్టరంతా. ఈలోగా ఏదో ఒకటి జరిగేది. అడిగినవాడికి తన ప్రశ్నే వేరుగా కనిపించేది.

ఆ విశ్వవిద్యాలయంలో ఆవిడ కంప్యూటర్లు బోధించడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్ళయింది. పాత ల్యాబులో శనివారం మధ్యాహ్నాలు నడిచే లినక్స్ క్లబ్బుకు ఆవిడే పెద్దదిక్కు. లినక్స్ ఏ ఒక్కరి సొత్తూ కాదు. దేశదేశాల్లో వేలమంది కలిసి రాసి, అందరూ వాడుకోండని వదిలిపెట్టిన, కంప్యూటరును నడిపే వ్యవస్థ అది. దాన్ని తమ కంప్యూటర్లో పెట్టుకోవాలనుకునే విద్యార్థులు ల్యాబుకు వచ్చేవారు. ఇంటికి వెళ్ళాక చిక్కుల్లో పడినవారు క్లబ్బు ఆన్‌లైన్ గ్రూపులో అడిగేవారు.

రెండు చోట్లా జవాబు చెప్పేవాడు ఓబులేసు. బీటెక్ చివరి సంవత్సరం. మంచివాడు, పనిమంతుడు. ఎవరైనా ల్యాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెడితే "ఇటివ్వండి" అని తనవైపు తిప్పుకునేవాడు. తర్వాత కీబోర్డు చప్పుడు తప్ప మరేమీ వినిపించేది కాదు. పావుగంటలో పని అయిపోయేది. తెచ్చినవాళ్ళు నోరు తెరుచుకుని చూసి, థాంక్స్ చెప్పి, ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయేవారు. గ్రూపులో ఆరువందల మంది ఉన్నారు. ఎవరు ఏమడిగినా అయిదు నిమిషాల్లో ఓబులేసు జవాబు కనిపించేది. మెస్సులో కంచం ముందు కూర్చుని కూడా ఎడంచేత్తో ఫోను పట్టుకుని, అన్నం కలిపే చెయ్యి కడుక్కుని వచ్చి మరీ రాసేవాడు.

జనవరిలో ఒకరోజు అతను మేడమ్ గదికి వెళ్ళాడు. "మేడమ్, ఏప్రిల్‌తో నా చదువు అయిపోతుంది. నేను వెళ్ళాక క్లబ్బు ఏమవుతుంది? మూడేళ్ళుగా చూస్తున్నాను, ఒక్కరూ నిలబడటం లేదు. వాళ్ళకు పని కావాలి గాని క్లబ్బు అక్కర్లేదు" అన్నాడు. గొంతులో బాధ ఉంది. కాస్త గర్వమూ ఉంది. ఆ రెండోది అతనికి తెలియదు. మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, "చూద్దాం" అన్నారు.

ఆ వారంలోనే హాస్టల్ గేటు దగ్గర ఇసుకలో బండి జారి ఓబులేసు కుడి మణికట్టు విరిగింది. డాక్టరు మోచేతి దాకా సిమెంటు కట్టు వేసి, ఆరు వారాలు కదపొద్దన్నాడు. అతను మళ్ళీ మేడమ్ దగ్గరికి వచ్చాడు. "ఈ శనివారం ఇన్‌స్టాలేషన్ పెట్టుకున్నాం మేడమ్. పద్దెనిమిది మంది పేర్లిచ్చారు. చెయ్యి ఇలా ఉంది. వాయిదా వేద్దాం."

మేడమ్ కట్టు వంక చూశారు, అతని ముఖం వంక చూశారు. "నోరు బాగానే ఉంది కదా" అన్నారు.

శనివారం ఓబులేసు ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. అతని పక్కకు వచ్చిన అమ్మాయి పేరు షాహీన్, జువాలజీ ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం. ఆమె ల్యాప్‌టాప్ బాగా నెమ్మదించింది. లినక్స్ పెడితే తేరుకుంటుందని ఎవరో చెప్పారట. ఓబులేసు చెబుతుంటే ఆమె ఒక్కొక్క మీటా వెతుక్కుంటూ నొక్కుతోంది. అతని వేళ్ళు కట్టులోనే గిలగిలలాడుతున్నాయి. కొంతసేపటికి తెరమీద రెండు దారులు కనిపించాయి: పాత వ్యవస్థ పక్కనే లినక్స్‌కు చోటివ్వడం ఒకటి, డిస్కంతా తుడిచేసి కొత్తగా పెట్టడం ఇంకొకటి. షాహీన్ రెండోదాని మీదికి వెళ్ళింది.

"ఆగండి" అన్నాడు ఓబులేసు. అంటూనే అలవాటుగా చెయ్యి విసిరాడు. కట్టు బల్ల అంచుకు తగిలి ప్రాణం విలవిల్లాడింది. నొప్పి ఓర్చుకుని, "అది నొక్కితే అన్నీ పోతాయి. ఇందులో ఏమున్నాయి?" అని అడిగాడు.

"తూనీగల ఫొటోలు. వర్షాల్లో మొదలుపెట్టి ఆరు నెలలు వాగుల వెంట తిరిగి తీశాను. నా ప్రాజెక్టంతా అదే."

"ఇంకో చోట దాచుకున్నారా?"

"లేదు. దాచుకోవాలని నాకెవరూ చెప్పలేదు."

మూడేళ్ళలో ఎవరినీ అతను ఆ ప్రశ్న అడగలేదు. ఎప్పుడూ తనే చేసేవాడు, తన చెయ్యి పొరబడదన్న నమ్మకం. అన్నీ ఆపించి ముందు ఫొటోలన్నీ వేరే డ్రైవులోకి ఎక్కించాడు. ఎక్కించింది ఆమే, చెప్పింది అతను. నలభై నిమిషాలు పట్టింది. ఆ తర్వాత పాత వ్యవస్థను కదపకుండా, డిస్కులో లినక్స్‌కు ఒక పెద్ద భాగం, దాని పక్కన ఒక చిన్న భాగం కేటాయించమన్నాడు.

"ఈ చిన్నది ఎందుకు?" అని అడిగింది షాహీన్.

ఓబులేసు కొన్ని వందల కంప్యూటర్లలో ఆ చిన్న భాగం పెట్టాడు. "నాకూ తెలీదు. మా సీనియర్ పెట్టేవాడు, నేనూ పెడుతున్నాను" అన్నాడు. ఆ గదిలో అతను తెలీదన్న మాట అనడం అదే మొదలు. ఆమె తక్కువగా చూస్తుందేమోనని తల దించుకున్నాడు. షాహీన్ మాత్రం కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కుని, "అయితే చదివి చూద్దామా" అంది. ఇద్దరూ కలిసి చదివారు. మెమరీ చాలనప్పుడు కంప్యూటరు కాసేపు సామాను దించుకునే చోటు అదని అర్థమైంది. ఎంత కావాలో లెక్క చూసుకుని, అతను రోజూ పెట్టేదానిలో సగమే పెట్టారు.

సాయంత్రం అయిదింటికి షాహీన్ ల్యాప్‌టాప్ లినక్స్‌తో తెరుచుకుంది. ఆమె ఇంటికి వెళ్ళలేదు. పక్క బల్ల దగ్గర తోచక కూర్చున్న కామర్స్ కుర్రవాడి దగ్గరికి వెళ్ళి, "ముందు నీ ఫైళ్ళు వేరేచోట దాచుకున్నావా?" అని అడగడం ఓబులేసుకు వినిపించింది. "భయపడకు, ఇల్లు ఖాళీ చేయించడం లేదు. ఒక గది మాత్రం అద్దెకిస్తున్నాం." అంత తేలిగ్గా ఆ సంగతి తను ఎవరికీ చెప్పలేదని ఓబులేసు అనుకున్నాడు.

గ్రూపు సంగతి ఇంకా కష్టమైంది. ఎడమ బొటనవేలితో ఒక్క వాక్యం రాసేసరికి తల ప్రాణం తోకకొచ్చేది. సోమవారం ఉదయం ఎవరో వైఫై కలవడం లేదని అడిగారు. అరగంట గడిచినా ఎవరూ పలకలేదు. గంట గడిచింది. ఓబులేసు ఫోను తీసి చూస్తాడు, జేబులో పెడతాడు. గంటన్నరకు ఒకరు జవాబు రాశారు. అందులో సగం తప్పు. ఇంకొకరు వచ్చి ఆ తప్పు దిద్దారు. ఆ తర్వాత కుళ్ళాయప్ప అనే పేరుతో ఒక పొడుగాటి సందేశం వచ్చింది. తనకూ అదే చిక్కు వచ్చిందని, ఏ అడుగు తర్వాత ఏ అడుగు వేశాడో ఓపిగ్గా, అచ్చు తప్పుల్లేకుండా రాశాడతను. మధ్యాహ్నానికి వైఫై కలిసింది.

ఓబులేసు ఆ పేరు ఎన్నడూ చూడలేదు. కుళ్ళాయప్ప గ్రూపులో చేరి రెండేళ్ళయిందని తెలిసి ఆశ్చర్యపోయాడు. "ఇంత బాగా రాస్తావు, ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదు?" అని బొటనవేలితో కష్టపడి అడిగాడు.

జవాబు వెంటనే వచ్చింది. "నేను టైపు చేసేలోపు మీరు రాసేసేవాళ్ళు, అన్నా. ఎన్నిసార్లు చెరిపేశానో."

ఆ రోజంతా ఓబులేసు గ్రూపులో పాత సందేశాలు వెనక్కి వెనక్కి చదువుకుంటూ పోయాడు. ప్రతి ప్రశ్న కిందా తన పేరు. నిన్నటిదాకా ఆ వరస చూసి ఛాతీ పొంగేది. ఇప్పుడు ప్రతిచోటా, రాయబోయి చెరిపేసుకున్న వాళ్ళెవరో ఉన్నారనిపించింది. మొదట సిగ్గేసింది. తర్వాత కుళ్ళాయప్ప మీద పట్టరాని అభిమానం కలిగింది. చెరిపేసి వెళ్ళిపోయి ఉండవచ్చు, వెళ్ళకుండా రెండేళ్ళు కూర్చున్నాడు. "శనివారం ల్యాబుకు రా. నీకు థాంక్స్ చెప్పాలి" అని రాశాడు. ఆ చిన్న మాటకు అతనికి మూడు నిమిషాలు పట్టింది.

ఆరు వారాలు గడిచాయి. కట్టు విప్పిన మర్నాడు శనివారం. ల్యాబులో ఇరవై ఏడుమంది ఉన్నారు. షాహీన్ నాలుగు ల్యాప్‌టాప్‌ల మధ్య తిరుగుతోంది. ఎవరి కీబోర్డు మీదా ఆమె చెయ్యి పడటం లేదు. కుళ్ళాయప్ప బోర్డు మీద ఏదో రాసి, తనే తప్పు పట్టుకుని, నవ్వి చెరిపి మళ్ళీ రాస్తున్నాడు. ఓబులేసు వెనక బెంచీలో గంటసేపు కూర్చున్నాడు. ఎవరూ అతన్ని పిలవలేదు. పిలవనందుకు బాధ కలుగుతుందేమోనని లోపల వెతుక్కున్నాడు. కడుపు నిండా భోంచేసి చెట్టు నీడన కూర్చున్నట్టుంది అతనికి.

లేచి మేడమ్ గదికి వెళ్ళాడు. ఆవిడ పేపర్లు దిద్దుతున్నారు. "కట్టు విప్పేశారు మేడమ్" అన్నాడు. తలుపు దగ్గరే నిలబడి, "నవ్వకండి. ఈ చెయ్యి విరిగినందుకు ఎవరికైనా దణ్ణం పెట్టుకోవాలనిపిస్తోంది. ఎవరికి పెట్టాలో తెలీక మీ దగ్గరికి వచ్చాను" అన్నాడు.

మేడమ్ నవ్వలేదు. కలం పక్కన పెట్టి, అతని చెయ్యి ముందుకు చాపమన్నారు. వేళ్ళు ముడవమన్నారు, తెరవమన్నారు.

"నొప్పేమైనా ఉందా?"

"లేదు మేడమ్. ముందులాగే కదులుతోంది."

"అయితే ఇక మీదటే జాగ్రత్తగా ఉండాలి" అని, ఆవిడ మళ్ళీ పేపర్లలోకి తల వంచారు.